మిర్యాలగూడ మిల్లులో రెండోసారి తీసిన ఫోటో

బట్టల సోడా కలిపిన వేడి నీళ్లలో వేస్తే, ఫోటో తీసిన గాజు ప్లేటు మీది బొమ్మ వెంటనే పోదు. ముందు పాల మీది మీగడలా ముడత పడుతుంది. తర్వాత ఒక అంచు లేస్తుంది. ఆ అంచును వేలితో కొంచెం నెడితే మనిషి మనిషంతా జారి నీళ్లలో పడతాడు. చేతిలో మిగిలేది శుభ్రమైన గాజు ముక్క. దాన్ని పటాలు కట్టే ఆయన పట్టుకుపోయి దేవుడి బొమ్మల ముందు బిగించేవాడు.

ఈ పని అప్పట్లో అన్ని స్టూడియోల్లోనూ చేసేవారు. గాజు దొరికేది కాదు. ఏడాదైనా ఎవరూ వచ్చి అడగని ఫోటోల ప్లేట్లను కడిగి ఇచ్చేసేవాళ్లం. ఫోటోల పనిలోకి ఇప్పుడు ఆడపిల్లలు కూడా చాలామంది వస్తున్నారని విన్నాను. మీకు ఫోటోలు కడిగే మందుల కొలతలు చెప్పి లాభం లేదు, ఆ మందులే పోయాయి. నేను చెప్పగలిగింది నేను చేసిన ఒక తప్పు సంగతి. నలుగురిలో నిలబడి చెప్పడం నాకు ఇప్పటికీ రాదు. అందుకే రాస్తున్నాను.

పోలీసు చర్య ముగిసిన మరుసటి ఏడాది నాకు పంతొమ్మిదేళ్లు. సూర్యాపేటలో బస్సులు ఆగే చోటికి కాస్త దూరంగా ఉన్న ఫోటో స్టూడియోలో పనికి కుదిరాను. మా నాన్న చర్చి బడిలో పంతులు. స్టూడియో పెద్దాయన మా నాన్నకు స్నేహితుడు. ఆయనకు ఒక ఆడమనిషి అవసరమైంది. వ్యాపారుల ఇళ్లలోని ఆడవాళ్లు ఫోటోకు కూర్చుంటే గడ్డం కాస్త పైకెత్తాలి, కొంగు సర్దాలి, మెళ్లో గొలుసు కనబడేలా లాగాలి. మగవాడు చెయ్యి వేస్తే ఊరుకుంటారా? ఆ చెయ్యి నాదైంది. మిగతా సమయంలో కవర్ల మీద నంబర్లు వేయడం, ప్లేట్లు ఆరబెట్టడం.

ముందు గదిలో మగవాళ్లు ఉంటే నేను తెర దాటి వచ్చేదాన్ని కాదు. గిరాకీ లేనప్పుడు చీకటి గదిలో ఎర్ర దీపం ముందు పుస్తకం చదువుకునేదాన్ని. ఎర్ర వెలుతురులో అక్షరాలు బాగానే కనిపిస్తాయి, కాకపోతే బయటికి వచ్చాక కాసేపు లోకమంతా ఆకుపచ్చగా ఉంటుంది. ఇంటికి వెళ్లగానే ఆ రోజు ఎవరు వచ్చారు, ఏం కట్టుకున్నారు, ఏమన్నారు, అంతా డైరీలో రాసుకునేదాన్ని. నోటితో అనలేని మాటలన్నీ అందులోకి వెళ్లేవి.

స్టూడియోలో ఇంకొకాయన ఉండేవాడు. కోదాడ మనిషి. ఫోటోల వెనక వేలాడదీసే పరదాలు గీసేవాడు కాబట్టి పరదాల మేస్త్రి అనేవాళ్లం. రాజుగారి మేడమెట్లు, హంసలు ఈదే కొలను ఆయన గీసినవే. ప్రింట్ల మీద చుక్కలూ మచ్చలూ కూడా ఆయనే దిద్దేవాడు. నన్ను చూస్తే ఆయనకు ఏదో ఒకటి అనాలనిపించేది.

"ఏం అమ్మాయ్, నోట్లో ముత్యాలేమన్నా దాచుకున్నావా? తెరిస్తే రాలిపోతాయని భయమా?"

నేను నవ్వి ఊరుకునేదాన్ని. సాయంత్రం ఆ మాట డైరీలో రాసి, పక్కన నేను అనాల్సిన జవాబు రాసేదాన్ని. ఆ జవాబులన్నీ చాలా బాగుండేవి.

పెద్దాయన గురించి చెప్పాలి. ఆయన దగ్గర పనిచేసిన రోజులు తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఒక అలవాటు. ఏ ఊళ్లో డబ్బులిచ్చే పని ముగిసినా, తిరిగి వచ్చే ముందు అక్కడ ఒక్క ప్లేటు ఎవరూ అడగకుండా తీసేవారు. దానికి ఊరి ప్లేటు అని పేరు పెట్టారు. కోదాడ అంగట్లో గడ్డం గీస్తున్న మంగలి. మోతెలో నాట్లేస్తున్న ఆడవాళ్ల వంగిన వీపులు. సూర్యాపేటలో, బొగ్గు కాల్చిన గ్యాసుతో నడిచే బొగ్గు బస్సు బయలుదేరే ముందు వెనక బొగ్గు డ్రమ్ము దగ్గర నిలబడి పిడి తిప్పుతున్న మనిషి, మొహమంతా మసి. ప్లేటు దొరకడమే కష్టమైన రోజుల్లో ఇదేం పిచ్చి అని మేస్త్రి గొణిగేవాడు.

"పెండ్లి ఫోటో ఎవడన్న తీయించుకుంటడు," అనేవారు పెద్దాయన. "పనిల ఉన్న మనిషిని ఎవరు తీస్తరు? రేపు మన ఊరెట్లుండె అని ఎవరన్న అడిగితే పెండ్లికొడుకులనే సూపెడ్తమా?"

కాగితం ఇంకా కరువు. అందుకని ఊరి ప్లేట్లకు అప్పుడే ప్రింట్లు తీసేవారు కాదు. కడిగి, ఆరబెట్టి, చెక్క డబ్బాలో పెట్టించేవారు. కాగితం దొరికిన రోజు చూద్దాం అనేవారు.

ఆ చలికాలం మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లు సావుకారి ఇంట కోడళ్ల ఫోటో తీయాలని కబురు వస్తే నేనూ వెళ్లాను. ఆ పని అయ్యాక, మిల్లు ముందు సావుకారి ఫోటో కూడా అయ్యాక, పెద్దాయన ఊరి ప్లేటుకు హమాలీలను ఎంచుకున్నారు. బండ్ల మీది వడ్ల బస్తాలు భుజాన వేసుకుని, గోదాము గుమ్మానికి వాల్చిన బల్ల మీదుగా నడిచి లోపల వేస్తున్నారు. మా కెమెరా పాతది. అద్దం మూత తీసి, ఒకటి, రెండు అని లెక్కపెట్టి మళ్లీ మూసేయాలి. ఆ రెండు లెక్కల సేపు బస్తాలు మోస్తున్న మనుషులు బల్ల మీద కదలకుండా నిలబడాలి. నిలబడ్డారు. నేను కెమెరా పక్కన నల్లగుడ్డ పట్టుకుని చూస్తున్నాను. ఆ సాయంత్రం అదంతా డైరీలో రాసుకున్నాను.

తర్వాత వానలు వచ్చాయి. స్టూడియో కప్పు మీద పెంకు కదిలి నీళ్లు కారాయి. నేను జ్వరంతో రాని రోజున మేస్త్రి అలమారలోని డబ్బాలన్నీ అటూ ఇటూ మార్చి పెట్టాడు. అంతకుముందు పై అరలో ఎవరూ అడగని ఫోటోల డబ్బా ఉండేది. కింది అరలో ఊరి ప్లేట్ల డబ్బా. రెండూ ఒకే తీరు డబ్బాలు, పైన ఏ గుర్తూ లేదు.

నేను మళ్లీ పనికి వచ్చిన మూడో రోజు పెద్దాయన, "పై అరల డబ్బ కడుగు బిడ్డా, పటాలాయన ఎదురుసూస్తున్నడు," అని ముందు గదిలోకి వెళ్లారు. నేను వెనక పొయ్యి మీద సోడా నీళ్లు పెట్టాను. ప్లేట్లను వెలుతురుకు పట్టి చూడాలి. మొదటి విడత అలా చూడకుండానే కట్టగా నీళ్లలో వేశాను. అవి కడిగి, రెండో విడత తీస్తుంటే ఒక ప్లేటు మీద గుండ్రంగా ఏదో కనబడింది. కిటికీకేసి పట్టాను. బస్సు చక్రం. పక్కన నల్లది తెల్లగా, తెల్లది నల్లగా, పిడి తిప్పుతున్న మనిషి.

ఇక్కడ ఆగి అడగాలి. పదడుగులు వేస్తే ముందు గది. కానీ ఆ రోజు కొత్తగా వచ్చిన ఆఫీసర్లు కోట్లు వేసుకుని వరసగా కూర్చుని ఉన్నారు. నేను తెర వెనక నిలబడ్డాను. తెర అంచు పట్టుకున్నాను. ఒకాయన ఇటు తిరిగాడు. నేను వెనక్కి వచ్చేశాను. పెద్దాయన చెప్పారంటే చూసుకునే చెప్పి ఉంటారు, కాగితం ఇక దొరకదని అనుకుని ఉంటారు అని నాకు నేనే సర్దిచెప్పుకుని మిగతావి కూడా కడిగాను. మొత్తం ముప్పై రెండు.

ఆ రోజు డైరీలో చివరి మాట, 'రేపు అడగాలి'. మర్నాడూ అదే. పదకొండు రోజులు వరసగా అదే మాట ఉంది. పన్నెండో రోజు నుంచి లేదు. అడిగానని కాదు, రాయడం మానేశాను.

దసరా వెళ్లాక ఒక మధ్యాహ్నం ఒకామె వచ్చింది. నా ఈడుదే. చంకలో మూడు నెలల పాప. గరిడేపల్లి నుంచి తెల్లారకముందే బయలుదేరి, కొంత నడిచి, కొంత బండి మీద వచ్చిందట. వెంట పొడుగ్గా ఒకతను ఉన్నాడు, ఆమె మరిది. పెద్దాయన ఆమెను కూర్చోమన్నారు. ఆమె కూర్చోలేదు.

"సారూ, మిర్యాలగూడ మిల్లుల మీరు ఫోటో పట్టిండ్రంట. బస్తాలు మోసేటోళ్లది. అండ్ల పిల్ల నాయిన ఉన్నడని మిల్లుల చెప్పిండ్రు."

"అవు, పట్టిన. ఆయన రాలేదా?"

"ఆషాఢంల జరమొచ్చి పోయిండు. ఇది అప్పటికి కడుపులనే ఉండె." పాప తల మీద చెయ్యి వేసింది. "రేపు నా నాయిన ఎవరే అని అడిగితే ఏం సూపెట్టాలె సారూ? ఆయన ఎన్నడు ఎక్కడ ఫోటో దిగలేదు. గదొక్కటే ఉన్నది."

ఆడమనిషి వచ్చింది కాబట్టి నేను తెర దగ్గరే ఉన్నాను. పెద్దాయన మొహంలో వెలుగు నాకు కనిపించింది. ఇన్నేళ్లు ఊరి ప్లేట్లు తీసినందుకు మొదటిసారి ఒక మనిషి వచ్చి అడిగింది. ఆయన లేచి నిలబడ్డారు.

"ఉన్నది బిడ్డా. భద్రంగ ఉన్నది. కాయితం కూడ ఉన్నది, ఇయ్యాలనే తీసిస్త." నా వైపు తిరిగారు. "ఊరి ప్లేట్ల డబ్బ పట్టుకరా."

లోపలికి వెళ్లాను. కింది అరలో డబ్బా తీసి మూత ఎత్తాను. కుర్చీలో కూర్చున్న పెద్దమనుషులు, చేతికి గడియారం పెట్టుకున్న కుర్రవాళ్లు, ఎవరూ వచ్చి అడగని ఫోటోలు. డబ్బా ఒళ్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాను. మేస్త్రి రంగు కుంచె చేత్తో పట్టుకుని వచ్చాడు. నన్ను చూశాడు, డబ్బాలోకి చూశాడు, పొయ్యి వైపు చూశాడు. అర్థమైపోయింది.

కుంచె కింద పెట్టాడు. తర్వాత గొంతు తగ్గించి, "డబ్బాలు మార్చింది నేనే కదూ," అన్నాడు. "చూడమ్మాయ్, ఇందులో నీ తప్పు సగం, నా తప్పు సగం. ఈ రెండు సగాలూ వాన మీద పెట్టేద్దాం. నీళ్లు కారి ప్లేట్లు పాడైపోయాయని చెబుదాం. వాన వచ్చి కాదనదు కదా."

నాకు ఆ మాట ఎంత హాయిగా అనిపించిందో దాచుకోను. కప్పు కారిన మాట నిజం. ప్లేట్లు పోయిన మాటా నిజం. రెండు నిజాల మధ్య ఒక చిన్న అబద్ధం, అంతే. నేను తల ఊపాను కూడా. కానీ డబ్బా పట్టుకుని ముందు గదిలోకి వచ్చేసరికి ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటోంది. ఫోటో ముట్టుకోవాలంటే చేతులు శుభ్రంగా ఉండాలని ఎవరు చెప్పారో.

"నేను కడిగేశాను," అన్నాను.

పెద్దాయనకు వినబడలేదు. మళ్లీ అన్నాను. "ఆ ప్లేట్లు నేనే కడిగేశాను సార్. బస్సుది చూసి అనుమానం వచ్చింది. అడగలేదు."

ఆయన డబ్బా వైపు చూడలేదు. "ఎన్ని?" అన్నారు.

"ముప్పై రెండు."

ఆయన కూర్చున్నారు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నారు. అయిదేళ్ల పని అది. తిడతారని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. ఆయన ఆమెతో, "తప్పు నాది బిడ్డా," అన్నారు. "డబ్బల మీద గుర్తు పెట్టాల్సినోడిని నేను. పెట్టలే."

ఆమెకు ముందు అర్థం కాలేదు. "కడిగితే ఏమైతది? మల్ల రాదా?"

"రాదు."

మరిది తల తిప్పుకుని వీధికేసి చూస్తున్నాడు. ఆమె పాపను ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకుంది. వెళ్లిపోతుందనుకున్నాను. ఆమె నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఫోటో పట్టేటప్పుడు నువ్వాడ ఉన్నవా?"

"ఉన్నాను."

"ఆయన్ని సూసినవా?"

"చూశాను."

"ఎట్లున్నడు?"

 లోపలికి వెళ్లి సంచిలోంచి డైరీ తెచ్చాను. పాత రోజులు తిరగేసి చదువుకోవడం నాకు అలవాటు, అందుకే వెంట ఉంటుంది. నా డైరీ నేను తప్ప ఎవరూ వినలేదు అప్పటిదాకా. తల ఎత్తకుండా, ఆ పేజీలో హమాలీల సంగతి ఉన్నంతవరకూ చదివాను. మూడో మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆమె, "గాయనే," అంది. ముగిసిన తర్వాత, "మల్ల సదువు," అంది. మళ్లీ చదివాను.

ఒక ఆచారం సంగతి మీకు చెప్పాలి, లేకపోతే తర్వాతది వింతగా ఉంటుంది. ఫోటో లేకుండా పెద్దవాళ్లు పోతే, వాళ్ల పోలిక ఉన్న తమ్ముడో కొడుకో వాళ్ల తలపాగా చుట్టుకుని, వాళ్ల కర్ర పట్టుకుని ఫోటో దిగేవాడు. ఆ ఫోటోనే గోడకు పెట్టి దండ వేసేవారు. మా స్టూడియోకు నెలకొకరైనా అలా వచ్చేవారు. మేస్త్రి ఆ వయసుకు తగ్గట్టు మీసంలో తెలుపు దిద్దేవాడు. ఎవరికీ అది మోసమనిపించేది కాదు.

"మీ మరిదిది అన్న పోలికేనా?" అని అడిగాడు మేస్త్రి.

"ముక్కు మొకం అంత అదే."

"అయితే ఆ కుర్చీలో కూర్చోబెడదామమ్మా. మేడమెట్ల పరదా దించుతాను, దర్జాగా ఉంటుంది."

ఆమె పరదా వైపు చూసింది. హంసల వైపు చూసింది. "ఆయన కుర్సీల కూసున్నోడు కాదు," అంది. "గీ అక్క సదివినట్లు తియ్యుండ్రి. మిల్లులనే తియ్యుండ్రి."

పెద్దాయన నన్ను చూశారు. ఆ చూపులో కోపం లేదు. ఇంకేదో ఉంది, దానికి నాకు ఆ రోజు పేరు తెలియలేదు. "కొత్త వడ్లు రానీయి," అన్నారు. "పోదం."

కొత్త వడ్లు వచ్చాయి. మేము ముగ్గురం బొగ్గు బస్సులో మిర్యాలగూడ వెళ్లాం. ఆమె, పాప, మరిది మిల్లు గేటు దగ్గర ముందే వచ్చి కూర్చుని ఉన్నారు. సావుకారి గద్దె మీద నుంచి లేవకుండానే చెయ్యి ఊపాడు.

"ఫోటోల టైమా ఇది? బండ్లు రోడ్డు దాక నిలబడ్డయ్. అయినా పోయినసారి ఫోటోల నా పగిడి సగం కోసినవ్. మా బామ్మర్ది సూసి ఒకటే నవ్వుడు."

"ఈసారి మీది తియ్యను సావుకారీ. హమాలీలది తీస్త. ఒక్క ప్లేటు."

"వాండ్లది పోయినసారి తీస్తివి కద?"

"పోయింది. ఇంకొక సాయం కూడ గావాలె. ఇంజను జర బంద్ పెట్టించుండ్రి. నేల అదిరితే కెమెరా అదుర్తది."

"ఇంజను బందా?" సావుకారి నిజంగానే లేచాడు. "పోయినసారి బంద్ పెట్టిన్నా నేను?"

"పోయినసారి ఇంజను పట్టా తెగి అదే ఆగింది."

అది నా డైరీలో ఉంది. ఆ మాట పెద్దాయనకు నేనే గుర్తు చేశాను. సావుకారి ఇంకా ఏదో అనబోయి గేటు వైపు చూశాడు. పాప ఏడవడం మొదలుపెట్టింది, ఆమె లేచి నిలబడి ఊపుతోంది. ఆమెను గుర్తుపట్టాడు. "గరిడేపల్లోని పెండ్లామా?" అన్నాడు. మిల్లులో హమాలీలను ఊరి పేర్లతోనే పిలిచేవారు. ఆయన కాసేపు మీసం మీద చెయ్యి వేసుకుని నిలబడి, లోపలికి తిరిగి అరిచాడు. "బంద్ చెయ్యుండ్రి. ఒక్క బండి ఖాళీ అయ్యేంత సేపే."

ఇంజను ఆగింది. ఆ చప్పుడు ఉన్నంతసేపూ నాకు ధైర్యంగా ఉందని అది ఆగాక తెలిసింది. ముప్పై నలభై మంది మగవాళ్లు బస్తాలు దించి మా చుట్టూ మూగారు. హమాలీల పెద్ద, తల నెరిసిన మనిషి, పెద్దాయనను అడిగాడు.

"పోయినసారి ఎవడు యాడ నిలబడ్డడో మాకెట్ల యాదికుంటది సారూ?"

"ఈ బిడ్డ రాసుకుంది. సదువుతది."

అందరూ నా వైపు తిరిగారు. డైరీ తెరిచాను. చదివాను. పెదవులు కదిలాయంతే.

"ఏమినబడ్తలేదు తల్లీ," అన్నాడు వెనక నుంచి ఒకడు. "ఇంజను బంద్ పెట్టింది దీనికేనాయె?"

నవ్వులు. మేస్త్రి నా పక్కకు వచ్చి, "అమ్మాయ్, నేను చదవనా?" అన్నాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే అన్నాడు. చెయ్యి కూడా చాపాడు. ఇవ్వబోయాను కూడా. ఆ పేజీలో ఆయన బస్సులో గురక పెట్టిన సంగతి ఉంది. ఇవ్వలేదు. గట్టిగా, పేజీ మొదటి నుంచి మొదలుపెట్టాను. కంగారులో ఏది వదిలేయాలో చూసుకోలేదు.

"'సావుకారి గారు ఫోటోకు ముందు మూడుసార్లు మీసం దువ్వుకున్నారు. మూడోసారికి మొదట ఎలా ఉందో అలాగే అయింది.'"

అందరూ సావుకారి కేసి చూశారు. తర్వాత హమాలీల పెద్ద నవ్వు ఆపుకోలేక భుజం మీది తువ్వాల మూతికి అడ్డం పెట్టుకున్నాడు. అంతా నవ్వారు. మీసం మీద ఉన్న చెయ్యి సావుకారి మెల్లగా దించాడు. "నిజమే రాసింది పొల్ల," అన్నాడు. "సదువు, సదువు."

ఆ తర్వాత భయం లేకుండా చదివాను. ఆ భాగం ఇప్పటికీ నా ముందుంది.

'బల్ల మీద అయిదుగురు. మొదటి ఆయన తల నెరిసినవాడు, కళ్లు మూసుకున్నాడు. రెండో ఆయన కాలు బల్ల చివర. మూడో ఆయన తలకు ఎర్ర తువ్వాల, దాని కొస ఎడమ చెవి మీదికి వేలాడుతోంది. బస్తా కుడి భుజాన. బరువు మోసేవాళ్లందరూ కాళ్ల కేసి చూస్తుంటే ఇతనొక్కడే మా వైపు చూశాడు. పెద్దాయన కదలొద్దు అంటే, బస్తా కింద కదలకుండ నిలబడుడు మాకు నేర్పుతున్నవా సారూ అన్నాడు. ఆ మాటకు తనే నవ్వాడు. మూత తీసి మళ్లీ మూసేవరకూ నవ్వు కదల్లేదు, బస్తా కదల్లేదు.'

"నేను కండ్లు మూసిన్నా?" అన్నాడు హమాలీల పెద్ద.

"నీకు ఫోటో అంటే భయం కదనే," అన్నారెవరో.

నలుగురూ తమ చోట్లకు వెళ్లారు. మరిది మూడో చోట నిలబడ్డాడు. అన్న తువ్వాల ఆమె మూటలోంచి తీసి ఇచ్చింది. అతను చుట్టుకుంటే నలుగురు నాలుగు మాటలు. కొస అటు కాదు ఇటు. బస్తా కుడి భుజాన కాదు, ఎడమ భుజానే అని ఒకడు పంతం పట్టాడు.

"కుడే," అంది ఆమె. "ఎడమ రెక్కకు పుండుండె ఆ నెల."

ఇక బస్తా. మరిది పొలం పని చేసేవాడే కానీ హమాలీ కాదు. వడ్ల బస్తా భుజానికి ఎత్తగానే మోకాళ్లు వణికాయి, రెండడుగులు పక్కకు తూలాడు. పట్టుకుని దించారు.

"ఊక నింపుండ్రి," అన్నాడు సావుకారి గద్దె దగ్గర నుంచి. "ఫోటోల వడ్లేదో ఊకేదో ఎవనికెర్క?"

పెద్దాయన నల్లగుడ్డలోంచి తల బయటికి తీశారు. "ఊక బస్త కింద మనిషి వేరే తీర్గ నిలబడ్తడు సావుకారీ. ప్లేటుకు తెలుస్తది."

మరిది చెమట తుడుచుకున్నాడు. వదినె వైపు చూశాడు. "వడ్లదే ఎత్తుండ్రి," అన్నాడు.

హమాలీల పెద్ద తన చోటు వదిలి వచ్చి అతని వెనక నిలబడ్డాడు. "నడుముతోని మోస్తె ఇరుగుతవ్ బిడ్డా. కుడికాలు జర ముందుకు పెట్టు. బరువంత మడిమ మీదికి తీస్కో. మెడ ఇడిసిపెట్టు. మీ అన్నకు నేనే నేర్పిన. పదిరోజులు ఏడ్చిండు, పదకొండో రోజు నవ్విండు. నీకు అంత టైము లేదు, ఇయ్యాల్నే నవ్వాలె."

రెండోసారి ఎత్తారు. తూలలేదు. మూడోసారి ఎత్తినప్పుడు కాలు అదే పెట్టుకున్నాడు, మెడ అదే వదిలాడు. హమాలీల పెద్ద తన చోటికి వెళ్లి, ఈసారి కళ్లు తెరిచే ఉంచుతానని అందరికీ చెప్పి నిలబడ్డాడు.

"కదలొద్దు," అన్నారు పెద్దాయన.

 బల్ల మీద చివరి నుంచి ఎవరో మెల్లగా అన్నారు. "బస్త కింద కదలకుండ నిలబడుడు మాకు నేర్పుతున్నవా సారూ."

ఒక్కరూ నవ్వలేదు. మూడో మనిషి తల ఎత్తి మా వైపు చూశాడు. అన్నలా నవ్వలేకపోయాడు. పెదవులు బిగించి, కళ్లు మాత్రం ఎత్తి ఉంచాడు. మూత తెరుచుకుంది. ఒకటి, రెండు. మూసుకుంది. ఇంజను మళ్లీ మొదలైంది.

కెమెరా సర్దేటప్పుడు మిల్లులోనే పెద్దాయన నాకు వేసిన శిక్ష చెప్పారు. ఆయన వేసిన శిక్ష అదొక్కటే. ఇకమీదట ఏ ఊరి ప్లేటూ కవరు లేకుండా డబ్బాలో పెట్టకూడదు. కవరు మీద ఊరు, చోటు, అందులోని ప్రతి మనిషి పేరు ఉండాలి. "నువ్వే అడగాలె. మేస్త్రి గాదు, నేను గాదు." తెర వెనక నుంచి రానిదాన్ని, అంగళ్లలో, మిల్లుల్లో, రేవుల్లో ముక్కూ మొహం తెలియనివాళ్ల దగ్గరికి వెళ్లి మీ పేరేంటని అడిగే పని. పని మానేదాకా చేశాను. చివరిదాకా ప్రతిసారీ అది కష్టంగానే ఉండేది. అయినా అడగడం మానలేదు. ముప్పై రెండు ప్లేట్లు పోగొట్టినదానికి ఒక్క మాట అనకుండా, ఆ తప్పు ఎక్కడ పుట్టిందో సరిగ్గా అక్కడే చెయ్యి పెట్టిన మనిషిని ఇంకొకరిని నేను చూడలేదు.

నాలుగో రోజు ఆమె ప్రింటు కోసం వచ్చింది. ఈసారి కూర్చుంది. చేతులు తుడుచుకుని ఫోటో తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. మేస్త్రి తెర పక్కన నిలబడ్డాడు. ఆ ప్రింటు మీద ఆయన ఒక్క చుక్క కూడా దిద్దలేదు. అడిగితే, దిద్దడానికేముంది అన్నాడు.

ఆమె ఫోటోలో ముందు మొహం చూడలేదు. కాళ్లు చూసింది. ముందుకు పెట్టిన కుడికాలు, భుజం, వదిలిన మెడ. తర్వాత పైకి వచ్చింది.

"మొకం మా మరిదిది," అంది. "నిలబడ్డది మాత్రం ఆయనే."

పాప చెయ్యి చాపి ప్రింటు అంచు పట్టుకోబోతే వెనక్కి లాగింది. "ఇగ దీనికి చెప్పొచ్చు. గీయన మీ చిన్నాయన. మీ నాయిన గిట్ల నిలబడెటోడు అని. అబద్ధం చెప్పే పని లేదు."

పెద్దాయన నాకు కొత్త కవరు అందించారు. నేను కలం తీశాను. నలుగురి పేర్లు మిల్లులోనే అడిగి రాసుకున్నాను, మరిదిది కూడా. ఒక్క పేరు తక్కువ. మొదటిసారి మిల్లులో ఆయన్ని అంత దగ్గరగా చూసి, అన్ని మాటలు రాసుకుని, పేరు అడగలేదు నేను. నా డైరీలో ఆయన మూడో ఆయన. మిల్లులో గరిడేపల్లోడు. ఆమెకు పిల్ల నాయిన.

"ఆయన పేరు చెప్పమ్మా," అన్నాను.

ఆమె తల దించుకుంది. భర్త పేరు నోట పలకకూడదు. అది నాకూ తెలుసు. మేస్త్రి అందుకున్నాడు. "మరిదిని పిలుద్దాం, బయటే ఉన్నాడుగా," అని గుమ్మం వైపు కదిలాడు.

"ఆగుండ్రి," అంది ఆమె.

కొంగు చివర నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్లీ తీసేసింది. నా చెవి దగ్గరికి వంగి, పుట్టి బుద్ధెరిగిన తర్వాత మొదటిసారి ఆ పేరు పలికింది. పలికి, సిగ్గుతో నవ్వింది.

కవరు మీద మూడో వరసలో ఆ పేరు రాశాను. దాని కింద, ఆయన చోట నిలబడింది ఆయన తమ్ముడు అని రాశాను. ఆ పేరు ఇక్కడ రాయను. ఆమె నాకు చెప్పింది, మీకు కాదు.